పెరటి వంగ మొక్కల్లో పురుగుల బెడద: ముందు కత్తెర, తర్వాతే వేపనూనె

మిద్దె మీద గానీ పెరట్లో గానీ వంగ వేసినవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "వేపనూనె వారం వారం కొడుతున్నాం, అయినా ఏ కాయ కోసినా పుచ్చే. ఏం చేయాలి?"

ఇలా జరగడానికి కారణం ఉంది. కాయను పాడుచేసే పురుగు బయట తిరిగేది కొద్ది గంటలే. ఆ తర్వాత దాని బతుకంతా మొవ్వు లోపలో, కాయ లోపలో గడుస్తుంది. ఆకు మీద కొట్టిన మందు దాని దాకా చేరదు. అందుకే వంగ విషయంలో స్ప్రేయర్ కంటే కత్తెరకే ఎక్కువ పని. ఏ పని ఎప్పుడు, ఏ వరుసలో చేయాలో కింద వివరంగా ఇచ్చాను. పది కుండీలకైనా, ఇంటి వెనక రెండు మళ్లకైనా ఇదే పద్ధతి.

## 1. మందు తీసే ముందు మొక్కను చూడండి

పురుగును బట్టి వైద్యం మారుతుంది. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, ఆకుల అడుగు భాగం తిప్పి చూడండి. అక్కడ దొరికే ఆనవాళ్లు ఇవి:

- ఒక్క కొమ్మ చివర మాత్రమే తల వాల్చేసి, మిగతా మొక్క నిక్షేపంగా ఉంటే: మొవ్వు, కాయ తొలిచే పురుగు.
- ఆకులో పచ్చదనం గీకేసినట్టు పోయి జల్లెడలా ఈనెలు మిగిలితే: ఎపిలాక్నా పెంకు పురుగు.
- ఆకు అంచులు పసుపుబారి పైకి ముడుచుకుని, క్రమంగా ఎండితే: పచ్చదోమ. కొన్నిచోట్ల దీపపు పురుగు అంటారు.
- మొక్క కదిపితే తెల్లటి చిన్న దోమలు లేస్తే: తెల్లదోమ.
- లేత చిగుళ్ల మీద గుంపులుగా చిన్న పురుగులు, జిగురు, చీమలు ఉంటే: పేనుబంక.
- కొమ్మ కణుపుల్లో దూది అంటించినట్టు ఉంటే: పిండినల్లి.
- ఆకు మీద సన్నటి లేత చుక్కలు, అడుగున బూజులాంటి సాలెగూడు ఉంటే: ఎర్రనల్లి.
- ఆకులన్నీ మరీ చిన్నవైపోయి, గుబురుగా చీపురులా మారి, పూత ఆగిపోతే: వెర్రి తెగులు. ఇది పురుగు కాదు గానీ, పచ్చదోమ జాతి పురుగులే మోసుకొస్తాయి. దీనికి మందు లేదు. మొక్క పీకేయాలి.

మొక్క వాలిందంటే పురుగే అనుకోకండి. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి తేరుకుంటే అది ఎండ, నీటి సమస్య. మొక్క మొత్తం ఒకేసారి వాడిపోయి, నీళ్లు పోసినా లేవకపోతే వేరు కుళ్లో, ఎండు తెగులో అయి ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా ఒక్క చివరే వాలి ఉంటే అది తొలిచే పురుగు పనే.

## 2. నాటే ముందే చేసుకోవాల్సినవి

సగం పని ఇక్కడే తేలిపోతుంది. నాటాక ఎంత తిప్పలు పడ్డా ఇది వెనక్కి రాదు.

మట్టి: కిందటి పంటలో వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప పెరిగిన మట్టిలో మళ్లీ వంగ పెట్టొద్దు. ఇవన్నీ ఒకే కుటుంబం, శత్రువులు కూడా చాలావరకు ఒకటే. పైగా తొలిచే పురుగు మట్టి మీద, రాలిన ఆకుల్లో గూడు కట్టుకుని కోశస్థ దశలో (రెక్కల పురుగుగా మారే ముందు దశలో) ఉంటుంది. పాత మట్టినే వాడక తప్పకపోతే వేసవిలో దాన్ని తడిపి, పారదర్శక ప్లాస్టిక్ షీటుతో గాలి చొరకుండా కప్పి, నాలుగు నుంచి ఆరు వారాలు ఎండలో ఉంచండి.

ఎరువు: బాగా మాగిన పశువుల ఎరువు, దాంతోపాటు ఒక్కో పెద్ద కుండీకి గుప్పెడు వేపపిండి. యూరియా జోలికి వెళ్లకండి. నత్రజని ఎక్కువైతే చిగుళ్లు మెత్తగా, రసంగా వస్తాయి. పేనుబంకకూ పచ్చదోమకూ కావాల్సింది అదే.

దూరం: 12 నుంచి 15 అంగుళాల కుండీకి ఒక్క మొక్క. నేలలో అయితే మొక్కకూ మొక్కకూ రెండు అడుగులు. ఇరుగ్గా ఉంటే ఆకు అడుగు కనిపించదు, స్ప్రే చేరదు.

తోడు మొక్కలు: వంగ మధ్య కొత్తిమీర, సోంపు వేసి పూతకు వదిలేయండి. ఆ చిన్న పూల తేనె కోసం వచ్చే పరాన్నజీవి కందిరీగలు పురుగుల మీద గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు ఆ పురుగుల్ని తినేస్తాయి. కొత్తిమీరను కూరకు మొత్తం కోసేయకుండా రెండు మూడు మొక్కలు పూతకు ఉంచండి చాలు.

దగ్గర ఉంచుకోవాల్సిన సామాను:

- పదునైన చిన్న కత్తెర, తుడవడానికి స్పిరిట్
- మూత ఉన్న బకెట్, సబ్బు నీళ్లు
- పసుపు జిగురు అట్టలు
- సన్నటి పొగలా పిచికారీ చేసే స్ప్రేయర్. పైపు వంగేదైతే ఆకు అడుగుకు అందుతుంది.
- వేపనూనె, కుంకుడుకాయలు లేదా మెత్తటి లిక్విడ్ సోప్
- భూతద్దం. ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూసినా సరిపోతుంది.

## 3. మొవ్వు, కాయ తొలిచే పురుగు: అసలు పోరు దీంతోనే

మిగతా పురుగులన్నీ కలిపి చేసే నష్టం కంటే ఇదొక్కటి చేసేదే ఎక్కువ. అందుకే దీని నడక తెలియాలి.

తెల్లటి రెక్కల మీద గోధుమ రంగు మచ్చలున్న చిన్న రెక్కల పురుగు రాత్రిపూట వచ్చి ఆకుల అడుగున, చిగుళ్ల మీద, మొగ్గల మీద, కాయ ముచ్చిక దగ్గర విడివిడిగా గుడ్లు పెడుతుంది. మూడు నుంచి ఆరు రోజుల్లో గుడ్డు పగిలి పిల్ల పురుగు బయటికొచ్చి, గంటల్లోనే మొవ్వులోకో కాయలోకో దూరుతుంది. దూరిన చిన్న రంధ్రాన్ని తన విసర్జనతోనే మూసేసుకుంటుంది. రెండు వారాలకు అటూ ఇటూ లోపల తిని, లేత గులాబీ రంగుకు వచ్చి, బయటికి తొలుచుకుని కిందికి దిగి గూడు కట్టుకుంటుంది. వారం పది రోజుల్లో మళ్లీ రెక్కల పురుగు.

ఇందులో ఒక సంగతి చాలామందికి తెలియదు. కాయ మీద మనకు స్పష్టంగా కనిపించే పెద్ద రంధ్రం చాలాసార్లు పురుగు బయటికి పోయిన దారి. లోపలికి వెళ్లిన రంధ్రం సూదిమొనంత ఉండి, కాయ పెరిగేకొద్దీ పూడుకుపోతుంది. నున్నగా మెరుస్తున్న కాయలో పురుగు దొరకడం, రంధ్రం ఉన్న కాయ ఖాళీగా ఉండడం అందుకే. రంధ్రం చూశాక మందు కొట్టినా ఆ పురుగుకు తగిలేది ఏమీ ఉండదు.

పని వరుస ఇది.

మొదటి మెట్టు: వాలిన మొవ్వు కోయడం. నాటిన రెండు మూడు వారాల నుంచే మొదలుపెట్టండి. కాయలు లేనంతకాలం పురుగు మొవ్వుల్లోనే ఉంటుంది. కాయలొచ్చాక అది కాయనే ఇష్టపడుతుంది. పూతకు ముందు ఈ పని గట్టిగా చేసినవాళ్లకు కాయల్లో పుచ్చు తగ్గుతుంది.

వాలిన చోటికి రెండు అంగుళాల కింద కత్తిరించండి. కోసిన ముఖాన్ని దగ్గరగా చూడండి. మధ్యలో గోధుమ రంగు సొరంగం, పొడిలాంటి పిప్పి కనిపిస్తే పురుగు ఇంకా కిందికి వెళ్లిందని అర్థం. ఇంకో అంగుళం కింద కోయండి. కోత ముఖం నిండుగా, తెల్లగా, గట్టిగా కనిపించేదాకా కోస్తూ వెళ్లండి. మొక్క ఏమైపోతుందోనని టెన్షన్ అక్కర్లేదు. పక్క కొమ్మలు వేసుకుని ఇంకా గుబురుగా వస్తుంది.

రెండో మెట్టు: కోసినదాన్ని చంపడం. చాలామంది దగ్గర పని చెడేది ఇక్కడే. కోసిన మొవ్వును మొక్క మొదట్లోనో కంపోస్టు డబ్బాలోనో పడేస్తే లోపలి పురుగు పాకి బయటికొచ్చి అక్కడే గూడు కడుతుంది. కోసినవి నేరుగా సబ్బు నీళ్ల బకెట్లో వేసి, పూర్తిగా మునిగేలా బరువు పెట్టి రెండు రోజులు ఉంచండి. లేదా ప్లాస్టిక్ కవరులో వేసి బిగించి కట్టి, మండే ఎండలో రెండు మూడు రోజులు పెట్టండి. ఆ తర్వాత కంపోస్టులో వేసుకోవచ్చు.

మూడో మెట్టు: పుచ్చు కాయలకు కూడా అదే శిక్ష. కొద్దిగా రంధ్రం ఉందని, ఇంకా పెరుగుతుందని కాయను మొక్కకు వదలొద్దు. వంకరగా పెరిగిన కాయ, ముచ్చిక దగ్గర పిప్పి అంటుకున్న కాయ, ఒక పక్క మెత్తబడ్డ కాయ వెంటనే కోసి బకెట్లో వేయండి. వంటింట్లో తరిగినప్పుడు పురుగు కనబడితే ఆ ముక్కలు కూడా బకెట్లోకే.

నాలుగో మెట్టు: కాయలు లేతగానే కోయడం. ముదిరేదాకా ఉంచిన కాయ పురుగుకు ఎక్కువ రోజులు అందుబాటులో ఉంటుంది. గుత్తి వంకాయకైతే ఎలాగూ లేత కాయలే రుచి. కోత మొదలయ్యాక రెండు మూడు రోజులకోసారి తప్పక కోయండి.

ఐదో మెట్టు: నేల శుభ్రం. వారానికోసారి రాలిన ఆకులు, పూలు ఏరేయండి. మట్టికి తగిలే అడుగు ఆకులు తీసేయండి. పైమట్టి రెండు అంగుళాలు గుల్ల చేయండి. ఆకుల మడతల్లో, కుండీ అంచున బూడిద రంగు గూళ్లు కనిపిస్తే నలిపేయండి.

ఆరో మెట్టు: ఇప్పుడు పిచికారీ. దీని లక్ష్యం లోపలున్న పురుగు కాదు, ఈ రాత్రి పెట్టబోయే గుడ్డు, రేపు పగలబోయే పిల్ల. వేపనూనె లేదా వేప గింజల కషాయం వారానికోసారి. మొవ్వులు వాలడం ఎక్కువగా ఉంటే మధ్యలో ఒకసారి బి.టి. పొడి లీటరు నీటికి గ్రాము చొప్పున కలిపి సాయంత్రం కొట్టండి. బి.టి. అన్నది గొంగళి పురుగుల పొట్టలోకి పోయి పనిచేసే బాక్టీరియా మందు. ఎండకు త్వరగా చచ్చుబడుతుంది. దోమల మీద, పెంకు పురుగుల మీద పనిచేయదు.

ఇక లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ పురుగు వాసన లాంటి ఎరతో మగ పురుగుల్ని రప్పించి పట్టేవి. వంగ పురుగుకు ప్రత్యేకంగా ఎర దొరుకుతుంది, అదే అడిగి తీసుకోండి. నెలకోసారి ఎర మార్చాలి. అయితే చిన్న పెరట్లో దీని మీదే ఆధారపడకండి. ఇది మగ పురుగుల్ని మాత్రమే పడుతుంది. జతకట్టేసిన ఆడ పురుగు పక్కింటి తోట నుంచి ఎగిరొస్తే బుట్ట ఏమీ చేయలేదు. పురుగుల ఉద్ధృతి ఎప్పుడు పెరుగుతోందో తెలుసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. బుట్టలో ఉన్నట్టుండి పురుగులు ఎక్కువగా పడితే ఆ వారం మొవ్వులు మరింత శ్రద్ధగా చూడండి.

## 4. ఎపిలాక్నా: చేతితోనే పోతుంది

గుండ్రంగా, రాగి రంగులో, వీపు మీద నల్లచుక్కలతో ఉండే పెంకు పురుగు ఇది. మొక్కకు మేలు చేసే అక్షింతల పురుగు కూడా దీని చుట్టమే కాబట్టి తేడా పట్టాలి. మేలు చేసేది నిగనిగలాడుతూ ఉంటుంది. ఎపిలాక్నా వీపు మీద సన్నటి నూగు ఉండి మెరుపు తక్కువగా ఉంటుంది. పిల్లల్లో తేడా ఇంకా తేలిక: ఎపిలాక్నా పిల్లలు పసుపు రంగులో ఒళ్లంతా ముళ్లతో, ఆకు గీకుతూ కనిపిస్తాయి. మేలు చేసే వాటి పిల్లలు ముదురు రంగులో నారింజ మచ్చలతో, పేనుబంక మధ్య చురుగ్గా తిరుగుతుంటాయి. వాటిని ముట్టుకోకండి.

- ఆకు అడుగున నిలువుగా నిలబెట్టినట్టు పసుపు గుడ్ల గుంపు కనిపిస్తే ఆ ఆకు ముక్క చింపి సబ్బు నీళ్లలో వేయండి.
- పొద్దున చల్లటి వేళ పెద్ద పురుగులు మందకొడిగా ఉంటాయి. కింద గుడ్డ పరిచి మొక్కను దులిపితే రాలిపోతాయి.
- వరసగా వారం పాటు ఇలా ఏరితే ఇంటి తోటలో దీనికి వేరే మందు అవసరం రాదు.

## 5. రసం పీల్చేవి

ఇవన్నీ ఆకు అడుగున, చిగుళ్లలో ఉంటాయి. ముందుగా చేయాల్సింది నీళ్లతో కడగడం. పైపు చివర వేలు అడ్డుపెట్టి, ఆకు అడుగుకు జోరుగా తగిలేలా పొద్దున్నే కొట్టండి. పేనుబంక, ఎర్రనల్లి చాలావరకు దీంతోనే రాలిపోతాయి. రెండు రోజులకోసారి మూడు నాలుగు సార్లు చేసి, అప్పటికీ తగ్గకపోతే వేపనూనెకు వెళ్లండి.

పచ్చదోమ: ఆకు తిప్పగానే అడ్డంగా గబగబా నడుస్తుంది. వేపనూనె వారం తేడాతో మూడు సార్లు.

తెల్లదోమ: మొక్కల ఎత్తులో పసుపు జిగురు అట్టలు కట్టండి. నాలుగైదు మొక్కలకు ఒకటి చాలు. అట్ట నిండితే మార్చండి. మరీ ఎక్కువ కడితే మేలు చేసేవి కూడా అంటుకుంటాయి.

పిండినల్లి: దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కటే తుడవండి. చీమల బారు కనిపిస్తే దాన్ని ఆపడం కూడా ఇందులో భాగమే. జిగురు కోసం చీమలు పిండినల్లినీ పేనుబంకనూ కాపాడతాయి. కుండీని నీళ్ల పళ్లెంలో ఇటుక మీద పెడితే చీమలు ఎక్కవు. ఆ నీళ్లు మాత్రం రెండు మూడు రోజులకోసారి మార్చండి, లేకపోతే దోమలు చేరతాయి.

ఎర్రనల్లి: పొడి ఎండలకు పెరుగుతుంది. ఇది సాలీడు వర్గానిది కాబట్టి పురుగుల మందు దీనికి అంతగా పట్టదు, పైగా దాన్ని తినే జీవుల్ని చంపి సమస్య పెంచుతుంది. నీటితో కడగడం, బాగా పట్టిన ఆకులు తీసేయడం. తగ్గకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, చల్లటి పూట. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొట్టొద్దు, ఆకులు మాడిపోతాయి.

## 6. వేప: కలిపే తీరులోనే ఉంది

"వేపనూనె పనిచేయలేదు" అన్నవాళ్లలో చాలామంది నూనెను నేరుగా నీళ్లలో పోసి ఊపి కొట్టినవాళ్లే. నూనె పైకి తేలుతుంది. మొదట వట్టి నీళ్లు పడతాయి, చివర్లో వట్టి నూనె పడి ఆకు మాడుతుంది.

వేపనూనె, లీటరు నీటికి

1. గిన్నెలో 5 మి.లీ. వేపనూనె తీసుకోండి.
2. అందులో 1 నుంచి 2 మి.లీ. లిక్విడ్ సోప్, లేదా రెండు చెంచాల చిక్కటి కుంకుడు రసం వేసి బాగా గిలక్కొట్టండి.
3. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే పాలలా తెల్లగా అవుతుంది. అలా కాకపోతే సబ్బు ఇంకొంచెం వేయండి.
4. మిగతా నీళ్లు కలిపి, స్ప్రేయర్‌ను మధ్యమధ్య ఊపుతూ వెంటనే కొట్టేయండి. మర్నాటికి దాచొద్దు.

సీసా మీద పి.పి.ఎం. అంకె (మందు గాఢత) ఉన్న తయారీ మందు కొంటే 1500 అయితే లీటరుకు 5 మి.లీ., 10,000 అయితే 2 మి.లీ. చాలు.

వేప గింజల కషాయం, లీటరుకు

ఎండిన వేప గింజల పప్పు 50 గ్రాములు దంచి, పల్చటి గుడ్డలో మూటగట్టి రాత్రంతా లీటరు నీళ్లలో నానబెట్టండి. పొద్దున మూటను నాలుగైదు సార్లు పిండి, వడగట్టి, గ్రాము సబ్బు కలపండి. సాయంత్రానికి కొట్టేయాలి. పాతబడి బూజు పట్టిన గింజలు పనికిరావు.

కొట్టేటప్పుడు:

- సాయంత్రం ఎండ వాలాకే.
- కొత్త మందు ఏదైనా ముందు రెండు ఆకుల మీద కొట్టి, ఒక రోజు ఆగి చూడండి.
- ఆకు అడుగు, చిగుళ్లు, ముచ్చికల చుట్టూ తడవాలి.
- వాన పడితే మర్నాడు మళ్లీ కొట్టాలి.
- మట్టి ఎండి మొక్క వాడి ఉంటే ముందు నీళ్లు పోయండి, మందు రేపటికి.

## 7. దోమతెర కట్టే వాళ్లకు

కుండీలు తక్కువగా ఉంటే దీనికి మించిన ఉపాయం లేదు. మామూలు దోమతెర బట్టే తొలిచే పురుగును ఆపుతుంది. తెల్లదోమ కూడా ఆగాలంటే ఇంకా సన్నటి కళ్ల ఇన్‌సెక్ట్ నెట్ కావాలి. ఆకులు తెరకు తగలకుండా పుల్లలు పాతి, కింది అంచును మట్టిలో కప్పేయండి లేదా కుండీకి బిగించి కట్టండి.

తెర వేసే ముందు మొక్క మీద గుడ్లు, వాలిన మొవ్వులు లేవని, మట్టి శుభ్రంగా ఉందని చూసుకోండి. లోపల ఒక్క గూడు మిగిలినా పురుగు మీ తెరలోనే పుడుతుంది.

తెర లోపలికి తేనెటీగలు రావు. వంగ పువ్వుకు దాని పుప్పొడే చాలు గానీ, ఆ పుప్పొడి కేసరాల కొనల్లోని చిన్న రంధ్రాల నుంచి రాలాలంటే కదలిక కావాలి. పొద్దున పూలు విచ్చాక పూగుత్తి కాడను వేలితో మెల్లగా తట్టండి. కొన్ని పూలు ఎంత చేసినా రాలిపోతాయి. మధ్యలోని కీలాగ్రం కేసరాల లోపలే దాగి పొట్టిగా ఉన్న పూలు కాయ కట్టవు. అది పురుగు పని కాదు, దానికి మందు కొట్టొద్దు.

## 8. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సవరణలు

మోతాదు పెంచడం. 5 మి.లీ.కి తగ్గలేదని 15 మి.లీ. కొడితే ఆకులు మాడతాయి. సవరణ: మోతాదు అదే ఉంచి, ఆకు అడుగు తడుస్తోందో లేదో చూడండి. మాడితే మర్నాడు పొద్దున మంచినీళ్లతో కడిగి, పది రోజులు ఏమీ కొట్టొద్దు.

బట్టల సబ్బు పొడి వాడడం. ఆకుల మీది సహజమైన మైనం పొర పోతుంది. కుంకుడు రసమో మెత్తటి సోపో వాడండి.

అన్నీ కలిపి కొట్టడం. మజ్జిగ, వెల్లుల్లి మిర్చి కషాయం, వేపనూనె, ఇంకేదో ఒకే డబ్బాలో కలిపితే ఏది పనిచేసిందో, ఏది మొక్కను పాడు చేసిందో తెలియదు. ఒక్కటే వాడి, వారం చూసి, అప్పుడు మార్చండి.

పొలం మందులు ఇంటికి తేవడం. రెండు మూడు రోజులకోసారి కాయ కోసుకునే మొక్క మీద, కోతకు ముందు ఇన్ని రోజులు ఆగాలని లేబుల్ మీద రాసి ఉన్న మందు కొట్టడం సరైన పని కాదని నా గట్టి అభిప్రాయం. పది మొక్కలకు కత్తెర, బకెట్, వేప సరిపోతాయి.

## 9. గోడకు అంటించుకునే పట్టిక

రోజూ రెండు నిమిషాలు:
- వాలిన మొవ్వులున్నాయా? వెంటనే కోత.
- ఆకు గీకిన జాడలున్నాయా? అడుగు తిప్పి చూడాలి.

రెండు మూడు రోజులకోసారి:
- లేత కాయల కోత, పుచ్చు కాయలు బకెట్లోకి.

వారానికోసారి:
- ప్రతి మొక్కకూ ఐదారు ఆకుల అడుగు పరీక్ష
- రాలినవి ఏరడం, పైమట్టి గుల్ల చేయడం
- సాయంత్రం వేప పిచికారీ
- కత్తెరను స్పిరిట్‌తో తుడవడం

నెలకోసారి:
- జిగురు అట్టలు, లింగాకర్షక ఎర మార్పు
- కుండీకి గుప్పెడు వేపపిండి, రెండు గుప్పెళ్లు మాగిన ఎరువు

## 10. ముదిరిన మొక్కను ఉంచాలా, పీకాలా?

ఆరేడు నెలలు కాసి, కొమ్మలు కర్రల్లా మారి, సగానికి సగం కాయలు పుచ్చుతున్న మొక్కకు మందులు కొడుతూ కూర్చోవద్దు. వేరు బాగుండి, మొదలు గట్టిగా ఉంటే నేల నుంచి జానెడు ఎత్తులో మొత్తం కత్తిరించేయండి. కోసినదంతా కవర్లలో కట్టి ఎండబెట్టండి. పైమట్టి మూడు అంగుళాలు తీసేసి కొత్త మట్టి, ఎరువు, వేపపిండి వేసి నీళ్లు పోయండి. కొత్త చిగుళ్లు వస్తాయి. వాటిలో బలమైనవి మూడు నాలుగు ఉంచి మిగతావి గిల్లేయండి. పాత కొమ్మలతో పాటు పురుగులు కూడా పోయి ఉంటాయి కాబట్టి, తెర కట్టాలనుకుంటే ఇదే అదును.

కాండం మొదట్లో రంధ్రం పడి పొడి రాలుతున్నా, వెర్రి తెగులు వచ్చినా, వేరుకు కణుపుల్లా బుడిపెలున్నా ఆ మొక్కను కత్తిరించి ప్రయోజనం లేదు. వేళ్లతో సహా పీకి, ఆ మట్టిలో వచ్చే పంటకు బంతి వేయండి. కొత్త వంగ నారును వేరే కుండీలో, వేరే మట్టిలో పెట్టుకోండి.